సీటు లేని సైకిలు

మొన్న మంగళవారం మా కొట్టుకి ఒకాయన వచ్చి, పాత పేపర్లో చుట్టిన పొట్లం బల్ల మీద పెట్టాడు. "తెగిపోయిందండి. ఇలాంటిదే కొత్తది ఇవ్వండి" అన్నాడు. విప్పి చూశాను. సైకిలు చైను. ఒక లింకు దగ్గర విరిగి రెండు కొసలూ విడిపోయి ఉన్నాయి. దాన్ని చేత్తో పట్టుకుని నేను ఎంతసేపు అలా నిలబడ్డానో నాకు తెలియదు. ఆయన నాలుగుసార్లు "ఏమండీ" అన్నాడట. మా ఆవిడ లోపలినుంచి వచ్చి కొత్త చైను తీసి ఆయన చేతిలో పెట్టి పంపించేసింది. తరవాత నా వైపు చూసి, "మళ్ళీ ఆయనే గుర్తొచ్చాడా?" అని మాత్రం అడిగింది.

ఆయనే. పేరు రాయను. తన ఫోటో తీస్తానంటేనే మొహం పక్కకి తిప్పుకునే మనిషి, పేరు అచ్చులో చూసుకుంటే నన్ను క్షమించడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను తమ్మి అనేవాడు, ఆటపట్టించాలనుకున్న రోజున "ఆయ్ తమ్మి" అనేవాడు. మా గోదావరి వాళ్ళం మాట్లాడేటప్పుడు మధ్యమధ్యలో ఆయ్, ఆయ్ అంటామని ఆయన కనిపెట్టాడు. ఇక ఆ వర్క్‌షాపులో నాకు వేరే పేరు లేకుండా పోయింది.

రెండువేల అయిదు, ఆరు ప్రాంతాల మాట. బహ్రెయిన్‌లో మీనా సల్మాన్ రేవు దగ్గర ఒక ఇనప పనుల వర్క్‌షాపు. ఆయన అక్కడ వెల్డరు, నేను స్టోర్‌కీపర్ని. ఆయనది జగిత్యాల వైపు. నలభైకి ఒకటో రెండో తక్కువ. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి ఉండేవాడు. ఏ వస్తువైనా చేతికివ్వండి, ముందు చెవి దగ్గర పెట్టుకుని గోటితో టింగుమని కొట్టి వినేవాడు. పైపు, పళ్ళెం, టీ గ్లాసు, పుచ్చకాయ, దేన్నీ వదల్లేదు. ఒకసారి నా నెత్తి మీద కూడా కొట్టి విని, "లోపల ఏం లేదు తమ్మి, మస్తు మోగుతున్నది" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. నాకు మాత్రం ఆ రోజంతా కోపం దిగలేదు.

నాకు కోపం ఎక్కువే. రూలు ఇంకా ఎక్కువ. నా స్టోర్లో ఒకటే శాసనం: పాతది తెచ్చి చూపించు, కొత్తది తీసుకో. గ్లౌజుల్లోంచి వేళ్ళు బయటికొస్తే గానీ కొత్త జత ఇచ్చేవాణ్ణి కాదు. అరిగిన కటింగ్ డిస్కు ముక్క తెచ్చి బల్ల మీద పెడితే గానీ కొత్త డిస్కు తీసేవాణ్ణి కాదు. నాకు ముందు పనిచేసినవాడి కాలంలో సామాన్లు ఎటు పోయేవో తెలిసేది కాదని, నేను వచ్చాక దారిలో పడిందని మేనేజరు మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నా తలకెక్కింది. కుర్రాళ్ళు నా వెనక తిట్టుకునేవాళ్ళు. ఆయన మాత్రం ఒక్కసారి కూడా రూలు తప్పలేదు. చిరిగిన గ్లౌజుల్ని మడతపెట్టి బల్ల మీద ఉంచి, "పాతది తెచ్చిన తమ్మి" అనేవాడు. కొత్తవి ఇచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడేవాడు.

ఆ సైకిలు ఆయనకి ఒక ఇంగ్లీషు ఇంజనీరు ద్వారా వచ్చింది. దానికి సీటు ఉండదు. పరుగెత్తే సైకిలు కాదది. రాళ్ళ మీద, దిమ్మల మీద, కాలు కింద పెట్టకుండా గెంతుకుంటూ ఎక్కడానికి చేసిన సైకిలు. ట్రయల్స్ బైకు అంటారట. ఆ ఇంజనీరు మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డు నీడలో, సరుకు పేర్చే చెక్క పాలెట్ల మీదికి దానితో ఎగిరి ఎక్కేవాడు. మేమంతా సర్కసు చూసినట్టు చూసి మర్చిపోయేవాళ్ళం. ఆయన మాత్రం తినడం ఆపి చూసేవాడు. ఒకసారి ఆ సైకిలు ఫ్రేము బీటిచ్చింది. ఆయన దాన్ని అతికాడు. అతుకు ఎక్కడుందో ఇంజనీరు వేలితో తడిమినా దొరకలేదు. దేశం వదిలి వెళ్ళిపోయే రోజున సైకిలు తెచ్చి ఈయన చేతిలో పెట్టి వెళ్ళాడు.

అప్పట్నుంచి షెడ్డులో అందరికీ పండగే. "ఏందే, సీటు కొననీకి పైసల్లేవా?" అని ఒకడు, "ఎవడన్న ఎత్తుకపోయిండా సీటు?" అని ఇంకొకడు. ఆయన ఒకటే జవాబు చెప్పేవాడు.

"కూసునుడు ఇంటికి పోయినంక. ఈడ కూసుంటె అలవాటైతది."

నిజంగానే ఆయన కూర్చునేవాడు కాదు. అన్నం కూడా నిలబడే తినేవాడు, గిన్నె ఎడమ చేత్తో పట్టుకుని.

మొదటి మూడు నెలలు ఆయన ఏమీ ఎక్కలేదు. ఉన్నచోటే నిలబడ్డాడు. రెండు పెడళ్ళ మీద రెండు కాళ్ళు, రెండు చక్రాలూ కదలకుండా. పడేవాడు, లేచేవాడు. నేను స్టోరు కిటికీలోంచి చూసి ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"అన్నా, సైకిలెక్కి కదలకుండా నిలబడ్డమేంటి? తొక్కవచ్చు గదా?"

"ఉరుకుడు ఎవ్వడైన ఉరుకుతడు తమ్మి. నిలవడుడే కష్టం."

ఇద్దరు పిల్లల్ని, భార్యని ఊళ్ళో ఉంచి పదకొండేళ్ళుగా అక్కడున్న మనిషి. ఆ మాట సైకిలు గురించే అన్నాడని అప్పుడు అనుకున్నాను.

ఆ తరవాత సైకిలుకి వైద్యం మొదలైంది. మొదట బ్రేకు. ఒక్క వేలితో నొక్కితే చక్రం గోడలా ఆగాలి, లేకపోతే దిమ్మ మీద నిలవలేమని చెప్పాడు. గ్రైండరు తీసుకుని రిమ్ము పక్కల్ని సన్నగా గరుకు చేశాడు. కొత్త వెల్డరైతే రిమ్ము కోసేసేవాడు. ఈయన మీసం గీసినంత సుతారంగా గీశాడు. మామీర్‌లో కూలీల క్యాంపులో వాళ్ళ ఊరివాడొకడు రోడ్డు పనిలో ఉండేవాడు. వాడి దగ్గర పాలపొడి డబ్బాలో తారు తెప్పించి, ఆ గరుకు మీద గోరంత గోరంత రుద్దాడు. ఆ రోజు బ్రేకు వేస్తే వచ్చిన కీచురాగానికి రేవులో ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూసి ఉంటారు. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ తరవాత ఆ కీచు వినిపిస్తే మధ్యాహ్నం పన్నెండయిందని మాకు లెక్క.

తరవాత వెనక టైరు. తరవాత హ్యాండిలు. ఇవన్నీ ఇంగ్లండు నుంచి తెప్పించాలి. ఆఫీసు కంప్యూటరు నా దగ్గర ఉంది, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నా దగ్గర ఉన్నాయి, ఆఫీసు పోస్టు బాక్సు ఉంది. అలా నేను ఆయనకి కుడిభుజాన్నయ్యాను. ఆయన నా కుర్చీ వెనక నిలబడి, తెర మీది బొమ్మల్ని పెళ్ళికూతురి ఫోటోలు చూసినంత శ్రద్ధగా చూసేవాడు. "ఇది ఏం లోహం? ఎంత బరువు? అతుకు ఏడ ఉన్నది?" ఎర్ర రంగుది, బంగారు రంగుది చూపిస్తే విసుక్కునేవాడు. "రంగు నాకెందుకు తమ్మి, పెండ్లికి పోతున్ననా?" ఒక్క హ్యాండిలు ఎంచుకోవడానికి నెల రోజులు పట్టింది. ఎత్తు తక్కువైతే నడుము వంగుతుందని, ఎక్కువైతే ముందు చక్రం లేవదని, పాత పైపు ముక్కతో నాలుగు కొలతల్లో నాలుగు హ్యాండిళ్ళు తనే అతికి, ఒక్కొక్కటి వారం వారం తొక్కి చూసి, అప్పుడు చెప్పాడు ఏది కావాలో. అది వచ్చిన రోజు పొట్లం విప్పి గోటితో కొట్టి విన్నాడు. "అసలుది" అన్నాడు. అంతే.

గేటు పక్కన ఒక కాంక్రీటు దిమ్మ ఉండేది. నా నడుమంత ఎత్తు. ఎప్పటిదో, ఎవరు వదిలేశారో తెలియదు. ఆయన చూపు మొదట్నుంచీ దాని మీదే. పాలెట్లు ఒకటి, రెండు, నాలుగు, అయిదు పేర్చి ఎక్కడం వచ్చింది. ఇక అది మిగిలింది. పనికి ఖలాస్ చెప్పేశాడు. ఇంకో నెలలో పూర్తిగా ఇంటికి. "గా దిమ్మ ఎక్కి నిలవడి పోతె సాలు తమ్మి. పదకొండేండ్ల నుంచి ఆ గేట్లకెల్లి తలకాయ వంచుకొని వస్తున్న. ఒక్కపారి మీదికెల్లి జూసి పోత" అన్నాడు. ఆయన ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం నేను విన్నది అదొక్కసారే.

ఆ దిమ్మ కోసమే ఆఖరిగా చైను తెప్పించాం. అన్నిటికంటే ఎక్కువ రోజులు ఎంచింది దాన్నే. "చైను ఒక్కటి మంచిగుంటె మనిషి మంచిగుంటడు. మిగిలినయన్ని సోకులు" అనేవాడు. గెంతేటప్పుడు మొత్తం ఒంటి బరువు పెడలు మీద పడుతుంది, ఆ బరువంతా చైను మోస్తుంది, అది జారితే మనిషి మొహం బోర్లా పడతాడు. ఇదంతా నాకు ఆయనే చెప్పాడు. నాకు తెలియక జరిగిందని చెప్పుకోవడానికి కూడా లేదు.

చైను వచ్చింది. నూనె కాగితంలో చుట్టి ఉంది. క్యాంపు గదిలో ఉప్పు గాలికి తుప్పు పడుతుందని, "నీ స్టోర్ల పెట్టు తమ్మి, పాతదింక నడుస్తున్నది గదా" అన్నాడు. పై అరలో పెట్టాను. అక్కడ మా అందరికీ ఉన్న రోగమే అది. పాతది పూర్తిగా చచ్చేదాకా కొత్తది వాడం. కొత్త లుంగీ, కొత్త దుప్పటి, కొత్త సబ్బు, అన్నీ ఇంటికి తీసుకెళ్ళే అట్టపెట్టెలోకి పోతాయి. మనిషి ఒంటి మీద మాత్రం ఎప్పుడూ చిరుగులే.

ఒక గురువారం మధ్యాహ్నం ఆయన స్టోరు కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆ రోజు నేను సరుకు లెక్క చూసుకుంటున్నాను. రెండుసార్లు తప్పింది, తల వేడెక్కి ఉంది.

"తమ్మి, చైను ఇయ్యి. పాతదాంట్ల ఒక లింకు పట్టేసింది. రేపు శుక్రారం ఆ దిమ్మ సంగతి సూద్దమనుకుంటున్న."

నిచ్చెన స్టోరు అవతలి కొసన ఉంది. మూడు మెట్ల నిచ్చెన. దాన్ని తెచ్చి, ఎక్కి, దింపి ఇవ్వడానికి రెండు నిమిషాలు. నేను తల కూడా ఎత్తలేదు.

"తెగిందా? తెగితే పాతది తెచ్చి చూపించన్నా, కొత్తది ఇస్తాను. రూలంటే రూలే."

హాస్యానికే అన్నాను. సగం హాస్యం, సగం బద్ధకం. అది కంపెనీ సామాను కాదు, ఆయన సొంత చైను. "నాది నాకియ్యి" అంటే నేను నోరు మూసుకుని నిచ్చెన ఎక్కేవాణ్ణి. ఆయన అనలేదు. నవ్వాడు.

"ఆయ్ తమ్మి. నీ రూలు నీదే. జర నూనె ఏస్త, రేపటికి నడుస్తది తియ్యి."

వెళ్ళిపోయాడు. నేను లెక్క మూడోసారి మొదలుపెట్టాను. ఆ లెక్క ఆ రోజు సరిపోయింది కూడా.

శుక్రవారం అక్కడ సెలవు. ఆ రోజు మా తెలుగు క్రైస్తవ సహవాసం ఆరాధన ఉంటుంది. ప్రార్థన అయ్యి భోజనాలకి లేస్తుంటే వర్క్‌షాపు నుంచి ఫోను. వాచ్‌మన్ నేపాలీ. టీ కాచుకుంటున్నాడట. బ్రేకు కీచుమనడం విన్నాడట. కాసేపటికి ఏదో తెగిన చప్పుడు, మనిషి పడిన చప్పుడు. వెళ్ళి చూస్తే దిమ్మ అంచు పొట్టకి తగిలి ఆయన కింద పడి ఉన్నాడట.

సల్మానియాలో ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం మీద ఉన్నాడు. మనిషి మాట్లాడుతున్నాడు. నేను దేవుడికి అక్కడే స్తోత్రం చెప్పేసుకున్నాను. దెబ్బ లోపల తగిలిందని, రక్తం ఆగడం లేదని నర్సు పక్కకి పిలిచి చెప్పింది. నాకు అర్థమైంది గానీ నమ్మలేదు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. నన్ను చూసి కళ్ళతోనే నవ్వాడు.

"ఎక్కిన తమ్మి."

"మాట్లాడకన్నా."

"ఎక్కి నిలవడ్డ. రెండు చక్రాలు దాని మీదనే. సముద్రం కనవడ్డది. గంత దగ్గర ఉన్నదని నాకు ఎర్కనే లేదు."

"మరి... ఎలా పడ్డావు?"

"దిగి మళ్ల ఎక్కవోయిన. రేపు డ్యూటీల నీకు సూపియ్యాలె గదా. ఇంకొక్కపారి చేసి సూసుకుందమనుకున్న."

నాకు చూపించడానికి. ఆయన చెయ్యి మెల్లగా ఎత్తి మంచం కింద ఉన్న ప్లాస్టిక్ సంచీ చూపించాడు. ఆయన బట్టలున్న సంచీ.

"ప్యాంటు జేబుల సూడు."

చెయ్యి పెట్టాను. వేళ్ళకి నల్ల నూనె అంటుకుంది. తెగిన చైను. ఆ దెబ్బతో, ఆ నొప్పితో, అంబులెన్సు వచ్చేలోపు దాన్ని ఏరుకుని జేబులో పెట్టుకున్నాడు.

"పాతది తెచ్చిన తమ్మి" అన్నాడు. "ఇంక ఇయ్యి కొత్తది."

ఎత్తిపొడుపు కాదు. ఆ మనిషికి ఎత్తిపొడుపు రాదు. నన్ను నవ్వించాలని అన్నాడు. నేను ఆ మంచం పట్టె పట్టుకుని, నలుగురు రోగులు చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. "తప్పయిందన్నా, తప్పయింది" అని ఎన్నిసార్లు అన్నానో. "ఏ, ఊకో. నేను అడుగుడే తప్పు, నువ్వు లెక్కల ఉన్నవ్" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

మర్నాడు పొద్దున్నే స్టోరు తీసి నిచ్చెన ఎక్కాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సాయంత్రం డ్యూటీ దిగి కొత్త చైను తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. అప్పటికి మాట బాగా సన్నగిల్లింది. నూనె కాగితం విప్పమన్నాడు. వేలు ఎత్తలేకపోతే ఆయన చెయ్యి పట్టుకుని నేనే గోటితో కొట్టించాను. చెవి దగ్గర పెట్టాను. ఏం వినిపించిందో.

"అసలుది" అన్నాడు. కాసేపాగి, "నువ్వే బిగియ్యి" అన్నాడు.

"నాకు రాదన్నా. నేను స్క్రూ కూడా తిప్పలేదు ఎప్పుడూ."

"ఇన్ని దినాలు కిటికిల నుంచి సూడలేదా? పాతదాని పక్కన కొత్తది పరువు. లింకులు సరి సూసుకో. ఎక్కువున్నయి తీసెయ్యి. గంతే."

ఆదివారం పొద్దున పోయాడు.

సోమవారం భోజనాల వేళ షెడ్డు నీడలో కూర్చుని పాత చైను నేల మీద పరిచాను. పక్కన కొత్తది పరిచాను. లింకులు సరి చూశాను. బిగించడానికి గంట పట్టింది. చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. ఒక్కడు జోకు వెయ్యలేదు. బిగించాక పెడలు చేత్తో తిప్పితే వెనక చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. అప్పుడు లేచి గేటు దగ్గరికి వెళ్ళి దిమ్మ పైన చూశాను. ఏళ్ళ నాటి సిమెంటు దుమ్ము పేరుకుని ఉంది. అందులో రెండు టైరు గుర్తులు, ముందుది సన్నగా, వెనకది వెడల్పుగా. ఈడ్చుకుపోయిన గీత లేదు, తడబడిన జాడ లేదు. వాచ్‌మన్ చూడలేదు, నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. కానీ ఆయన అక్కడ నిలబడ్డాడు.

శవపేటిక వెళ్ళిన రెండు వారాలకి ఆయన అట్టపెట్టె, సైకిలు కార్గోలో వెళ్ళాయి. పెట్టెలో కొత్త లుంగీలు ఆరు, కొత్త దుప్పట్లు మూడు. అవి చేరాక ఆయన భార్య ఫోను చేసింది. ఆమె గొంతు వినడం అదే మొదలు.

"అన్నా, సైకిలొచ్చింది గని, సీటు రాలేదే. ఆడ్నే ఉండిపోయిందా?"

ఈ సైకిలు సంగతి ఆయన ఇంట్లో చెప్పనే లేదని అప్పుడు తెలిసింది.

"దానికి సీటు ఉండదమ్మా."

"ఉండదా? మరి మనిషి ఎట్ల కూసుంటడు?"

"కూర్చోడమ్మా" అన్నాను. "నిలబడతాడు."

చైను సంగతి, నిచ్చెన సంగతి, గురువారం సంగతి నా నోటి చివరిదాకా వచ్చాయి. చెప్పలేదు. ఇన్నేళ్ళయినా చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను. ఆమె చదవదని తెలిసి రాస్తున్నాను, అదీ నా ధైర్యం.

ఆ ఏడాదే స్టోరు పని మానేసి వచ్చేశాను. ఇప్పుడు తణుకులో చిన్న ఇనప సామాన్ల కొట్టు. ఎవరు ఏమడిగినా పాతది చూపించమని అడగను. అడిగిన వస్తువు ఎంత పై అరలో ఉన్నా ముందు నిచ్చెన ఎక్కుతాను. మోకాళ్ళు నొప్పులని మా ఆవిడ గోల పెడుతుంది.

మొన్న వచ్చినాయన తన పాత చైను బల్ల మీదే వదిలి వెళ్ళాడు. దాన్ని చెత్తలో వేశాను. గల్లాపెట్టె కింద అరలో తెగిన చైను ఇంకొకటి ఉంది, ఆయన జేబులోంచి తీసింది, నూనె కాగితంలో చుట్టి. తుప్పు పట్టకుండా నెలకోసారి తుడుస్తాను. ఆయన ఇంటికి పంపాల్సిందని నాకూ తెలుసు. పంపలేకపోయాను. కొత్తది ఇచ్చాక పాతది స్టోర్లోనే ఉండిపోవాలి. అది నేను పెట్టిన రూలే.